కన్ను పాఠం కార్నియా దగ్గర మొదలవ్వాలి

కన్ను పాఠం అనగానే బోర్డు మీద ఒక పెద్ద వృత్తం, దాని ముందు చిన్న ఉబ్బు, లోపల గోళీలాంటి కటకం, వెనక తోకలా బయటికొచ్చే దృక్‌నాడి. చుట్టూ బాణాలు, బాణాల చివర పేర్లు. విజయవాడలోనో గుంటూరులోనో ఏ స్కూల్లో చదివే పదో తరగతి పిల్లలైనా ఈ బొమ్మ చకచకా గీసేస్తారు. వాళ్లనే "నీళ్లలో మునిగి కళ్లు తెరిస్తే అంతా మసగ్గా ఎందుకుంటుంది?" అని అడిగితే "నీళ్లు కంట్లోకి పోతాయి కదా" అంటారు. గీసిన బొమ్మలోని ఒక్క పేరూ ఆ జవాబులోకి రాదు.

తప్పు పిల్లలది కాదు, పాఠం వరసది. పేర్లు ముందు చెప్పి పని తర్వాత చెబితే పేర్లే మిగులుతాయి. వెలుతురు ఏ దారిన లోపలికొస్తుందో ఆ దారి వెంటే పాఠం నడిస్తే ఒక్కో భాగం తన పనితో పాటు పిల్లలకు తారసపడుతుంది. ఆ దారిలో మొదట తగిలేది కటకం కాదు, కంటి ముందు పొర కార్నియా.

అంతకంటే ముందు ఒక అపోహ తీర్చాలి. మన భాషలో చూపు బయటికి వెళ్తుంది. చూపు ఆనుతుంది, చూపు పారుతుంది, చూపు తగులుతుంది. దిష్టి అనే మాట ఉన్నదే అందుకు. కంటి నుంచి తేజస్సు వెళ్లి వస్తువును తాకుతుందని ప్రాచీన భారతీయ తత్వశాఖల్లో ఒకటైన న్యాయ దర్శనం కూడా వాదించింది. కాబట్టి ఏడెనిమిదేళ్ల పిల్లలు అలా అనుకోవడంలో వింతేమీ లేదు. కాగితం మీద ఒక బల్బు, ఒక నిమ్మకాయ, ఒక కన్ను గీసిచ్చి, "నిమ్మకాయ ఎలా కనిపిస్తోందో బాణాలు వేయండి" అంటే చాలామంది కంటి నుంచి నిమ్మకాయకు బాణం వేస్తారు. ఈ బాణాన్ని సరిచేయకుండా కటకాల గురించి ఎంత చెప్పినా గాల్లో చెప్పినట్టే.

దీనికి చెప్పుల అట్టపెట్టె ఒకటి చాలు. లోపలంతా నల్లకాగితం అంటించి, ఒక చివర నిమ్మకాయ పెట్టాలి. ఎదురు గోడకు పావలా బిళ్లంత రంధ్రం చేయాలి. మూతలో నిమ్మకాయకు పైగా అగ్గిపెట్టె అంత కిటికీ కోసి, దాన్ని అట్టముక్కతో మూసి ఉంచాలి. పిల్లలు రంధ్రానికి కన్ను ఆనించి చూస్తే ఏమీ కనపడదు. ఎంతసేపు చూసినా అంతే. అట్టముక్క ఎత్తగానే నిమ్మకాయ ప్రత్యక్షం. చూపే బయటికి పోయేదైతే మూత తీయనక్కర్లేదు గదా అన్న ప్రశ్న వాళ్లకే వస్తుంది. ఈ ప్రయోగం విఫలమయ్యేది ఒకే కారణంతో: పెట్టె మూలల్లోంచి వెలుతురు చొరబడుతుంది. అన్ని అంచులకూ నల్లటేపు వేయాలి, లేదంటే పిల్లలు "చీకట్లో కూడా కాస్త కనిపించింది" అనే తీర్మానంతో ఇంటికెళ్తారు. వస్తువు మీద పడిన వెలుతురే కంట్లోకి వస్తుందని వెయ్యేళ్ల క్రితం అరబ్ శాస్త్రవేత్త ఇబ్న్ అల్ హైతమ్ వాదనలతో, ప్రయోగాలతో నిలబెట్టాడు. పిల్లలకు ఆ పేరు చెప్పడం కూడా మంచిదే.

ఇప్పుడు కార్నియా. గుంటూరు పిల్లలకు దాన్ని పరిచయం చేయడం తేలిక. మిర్చి యార్డు వైపు వెళ్లినప్పుడు కళ్లు భగ్గుమనేది అక్కడే. నల్లగుడ్డు ముందు గడియారం అద్దంలా అమరి ఉండే పారదర్శకమైన పొర అది. మందం సుమారు అర మిల్లీమీటరు. ఒంట్లో అంత చిన్న చోట అన్ని నాడుల చివరలు మరెక్కడా ఉండవు, అందుకే మిరప ఘాటు ముందుగా దానికే తెలుస్తుంది, వెంటనే కన్నీళ్లు కడిగేస్తాయి. అందులో రక్తనాళాలు ఒక్కటీ లేవు. ఉంటే వెలుతురుకు అడ్డమే గదా. కావలసిన ఆక్సిజన్‌ను కన్నీటి పొర ద్వారా గాలి నుంచే తీసుకుంటుంది.

అది ఉబ్బుగా ఉందని పిల్లలకు అద్దంలో తెలియదు, వేలికి తెలుస్తుంది. కళ్లు మూసుకుని, రెప్ప మీద చూపుడువేలు కొసను తేలిగ్గా ఆనించి, లోపల కంటిని కుడికీ ఎడమకీ తిప్పమనాలి. వేలి కింద చిన్న గుట్ట ఒకటి జరుగుతూ పోవడం స్పష్టంగా తెలుస్తుంది. ఆ గుట్టే కార్నియా. నొక్కకూడదు, తాకితే చాలు. చేతులు కడుక్కున్నాకే చేయాలి.

ఆ ఉబ్బు ఊరికే లేదు. కన్ను మొత్తానికి కాంతిని వంచే శక్తి సుమారు 60 డయాప్టర్లు (కళ్లద్దాల పవర్ చెప్పేది ఈ కొలతలోనే). అందులో 43 దాకా కార్నియాదే. లోపలి కటకం వాటా మూడోవంతు మాత్రమే. ఏ పెద్దవాళ్లనడిగినా "కంట్లో కటకం ఉంటుంది, అదే బొమ్మను తెరమీద వేస్తుంది" అంటారు. అసలు బరువు మోసేది ముందు పొర, కటకం చేసేది సర్దుబాటు.

నీళ్ల ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరుకుతుంది. కాంతి ఒక పదార్థం నుంచి వేరే పదార్థంలోకి వెళ్లేటప్పుడు వంగుతుంది, రెండింటి వక్రీభవన గుణకాల మధ్య తేడా ఎంతుంటే అంత వంగుతుంది. గాలికి 1, కార్నియాకు దాదాపు 1.376, నీటికి 1.333. గాలి నుంచి కార్నియాలోకి పెద్ద మెట్టు, నీటి నుంచి కార్నియాలోకి చిన్న మెట్టు. అందుకని నీళ్లలో కార్నియా ఉన్నా దాదాపు లేనట్టే, 40 డయాప్టర్ల పైచిలుకు శక్తి మాయమవుతుంది. ఈత కళ్లద్దాలు పెట్టుకోగానే స్పష్టంగా కనపడేది అద్దాల్లో పవర్ ఉండబట్టి కాదు. కార్నియా ముందుకు మళ్లీ గాలి వచ్చింది, అంతే. దీన్ని చూపించడానికి పిల్లల్ని కృష్ణ ఘాట్లకు తీసుకెళ్లనక్కర్లేదు, తీసుకెళ్లకూడదు కూడా. ఈత నేర్పే కొలనుకు వెళ్లే పిల్లలు ఒక్క మునకతో చూసొచ్చి మిగతావాళ్లకు చెబుతారు. చేప కంటికి కార్నియా ఆసరా లేదు గనక దాని కటకం గుండ్రటి పూసలా ఉంటుంది. పులుసులో ఉడికిన బొచ్చె తలలో గట్టిగా, తెల్లగా దొరికే పూస అదే.

తరగతి గదిలో నమూనా చేయాలంటే ప్రయోగశాల సామాన్ల కొట్లో దొరికే గుండ్రటి అడుగు ఫ్లాస్కు తెచ్చుకోవాలి. 250 మిల్లీలీటర్లది సుమారు 8 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉంటుంది. అందులో నీళ్లు నింపి, వెనక వైపు బటర్ పేపర్ ముక్క అంటించి, రెండు మూడు మీటర్ల దూరంలో కొవ్వొత్తి వెలిగించి గది చీకటి చేస్తారు. ఇక్కడే చాలామంది టీచర్లు నిరాశపడతారు. కాగితం మీద మంట బొమ్మ పడదు, ఒక వెలుగు మరక మాత్రం పడుతుంది. "ఫ్లాస్కు బాగా లేదు" అని పక్కన పెట్టేస్తారు. ఫ్లాస్కు బాగానే ఉంది, లెక్కే అంత. నీటి గోళం దూరపు వెలుతురును తన కేంద్రం నుంచి రెండు వ్యాసార్ధాల దూరంలో కేంద్రీకరిస్తుంది, అంటే వెనక గోడ దాటి ఇంకో 4 సెంటీమీటర్ల అవతల. కాగితాన్ని ఫ్లాస్కు నుంచి అంత వెనక్కి పట్టుకుంటే మంట తలకిందులుగా ప్రత్యక్షమవుతుంది.

ఈ వైఫల్యాన్నే పాఠంగా మార్చుకోవచ్చు. బొమ్మ వెనక గోడ మీదే పడాలంటే ముందు వైపు ఇంకా వంపు కావాలి. ఫ్లాస్కు ముందు ఆనించి సుమారు 12 సెంటీమీటర్ల నాభ్యంతరం (దూరపు వెలుతురును కేంద్రీకరించే దూరం) ఉన్న భూతద్దం పెడితే, అంటే 8 డయాప్టర్లు చేరిస్తే, బొమ్మ వెనక గోడ మీదికి వచ్చి కూర్చుంటుంది. కన్ను ఈ పనిని తన ముందు పొరను ఎక్కువ వంచి చేసుకుంది. కనుగుడ్డు వ్యాసార్ధం 12 మిల్లీమీటర్లయితే కార్నియా వంపు వ్యాసార్ధం 7.8 మాత్రమే. ఇందాక వేలికి తగిలిన గుట్టకు కారణం ఇదని చెప్పే క్షణం కోసమే ఈ తతంగమంతా.

నీళ్లలో ఒక్క చుక్క పాలు కలిపి, ముందు నుంచి సన్నటి టార్చి వెలుగు పంపితే లోపల వెలుతురు శంకువులా ముడుచుకుపోవడం పక్క నుంచి కనిపిస్తుంది. రెండు చుక్కలు ఎక్కువైనా తెల్లగా మసకబారి ఏమీ కనపడదు. ఇంకొక మాట, ఇది ముఖ్యం: నీళ్లు నింపిన ఫ్లాస్కును ఎండ పడే కిటికీ దగ్గర వదిలేయొద్దు. మే నెల ఎండకు దాని వెనకున్న కాగితం అంటుకుంటుంది.

కార్నియా దాటాక కనుపాప. అది వస్తువు కాదు, రంధ్రం. నల్లగా కనిపించేది లోపల చీకటి కాబట్టి. వెలుతురును బట్టి 2 నుంచి 8 మిల్లీమీటర్ల దాకా మారుతుంది. పుస్తకాల్లోని ఫొటోల్లో నీలి కళ్లు ఉంటాయి గనక నల్ల రంధ్రం విడిగా తెలుస్తుంది. మన పిల్లల ఐరిస్, అంటే ఆ రంధ్రం చుట్టూ ఉండే రంగు వలయం, ముదురు గోధుమ రంగు, అందులో నల్ల రంధ్రం కలిసిపోతుంది. ఎదురుగా చూస్తే దొరకదు. పక్క కిటికీ నుంచి ఏటవాలుగా వెలుతురు పడేలా కూర్చోబెట్టి, ఫోన్ కెమెరా జూమ్‌లో చూస్తే తెలుస్తుంది. ఒక కంటిని అరచేత్తో పది సెకన్లు మూసి తీస్తే కుంచించుకోవడం కనిపిస్తుంది. మూసింది ఒక కంటినే అయినా రెండోది కూడా అంతో ఇంతో విప్పారడం గమనించమనాలి. కంట్లోకి టార్చి కొట్టాల్సిన పని లేదు. తిరునాళ్లలో అమ్మే లేజర్ పెన్నులైతే తరగతి దరిదాపులకు రానివ్వకూడదు.

తర్వాత కటకం. దోమల జాలీ లేని ఇల్లు విజయవాడలో అరుదు కాబట్టి దీనికి సామాను అక్కర్లేదు. జాలీకి జానెడు దూరంలో నిలబడి ఒక కన్ను మూసి, ముందు జాలీ గళ్లను చూడాలి. తర్వాత వాటిగుండా ఎదురింటి మేడనో ఇంద్రకీలాద్రినో చూడాలి. ఒకటి తేటపడితే రెండోది మసకబారుతుంది, రెండూ ఒక్కసారి తేటగా కనపడవు. ఏదో ఒకటి లోపల మారుతోంది. అలా మారేది కటకం మందం.

ఇది ఎలా మారుతుందో చెప్పేటప్పుడు జరిగే పొరపాటు తరతరాలుగా వస్తోంది. "దగ్గరి వస్తువు చూసేటప్పుడు కండరం కటకాన్ని లాగుతుంది" అంటారు. జరిగేది దానికి తలకిందులు. సిలియరీ కండరం కటకం చుట్టూ కంకణంలా ఉంటుంది, దానికీ కటకానికీ మధ్య సన్నటి దారాలుంటాయి. కండరం ముడుచుకుంటే కంకణం చిన్నదవుతుంది, దారాలు వదులవుతాయి, కటకం తన సహజ గుణంతో ఉబ్బుతుంది. దూరం చూసేటప్పుడు కండరానికి విశ్రాంతి, దారాలు బిగుసుకుంటాయి. ఎనిమిది మంది పిల్లల్ని గుండ్రంగా నిలబెట్టి, సాగే పాత బనియన్ గుడ్డను తలా ఒక అంచు పట్టుకుని లాగమనాలి: గుడ్డ పలచగా, చదునుగా ఉంటుంది. అందరూ ఒక అడుగు లోపలికి వేస్తే నడుమ కుదించుకుని మందమవుతుంది. లోపలికి అడుగు వేయడమే కండరం ముడుచుకోవడం. ఒక్కసారి కాళ్లతో చేశాక ఇది మరవరు.

పదేళ్ల పిల్లలు కంటికి ఏడెనిమిది సెంటీమీటర్ల దూరంలోని అక్షరాన్ని కూడా తేటగా చూడగలరు. పుస్తకంలోని 25 సెంటీమీటర్లు పెద్దవాళ్లను దృష్టిలో పెట్టుకుని అనుకున్న లెక్క. స్కేలుతో కొలిస్తే పిల్లలు పుస్తకం తప్పనుకుంటారు, ముందే చెప్పి ఉంచాలి. వయసుతో పాటు కటకం గట్టిపడి ఆ దూరం జరుగుతూ పోతుంది. నలభై దాటాక నాన్న పేపర్ను చేతులు చాచి పట్టుకోవడం అందుకే. చత్వారం అనే మాటలో ఉన్నది కూడా ఆ చత్వారింశత్, నలభయ్యే.

పదో తరగతి భౌతికశాస్త్రంలో చాలా ఏళ్లు నేర్పిన లెక్క ఒకటుంది: కటకానికీ రెటీనాకూ (కంటి వెనక బొమ్మ పడే తెర) మధ్య 2.5 సెంటీమీటర్లు, దూరపు వస్తువుకు నాభ్యంతరం 2.5, 25 సెంటీమీటర్ల దగ్గరి వస్తువుకు 2.27. లెక్కగా సరైనదే, 40 నుంచి 44 డయాప్టర్లు వస్తాయి. కానీ అది కన్నంతా గాలి నిండిన డబ్బా, లోపల ఒకే కటకం అనుకుని చేసింది. అసలు కంట్లో ఉన్నది ద్రవం, అందుకే నిజమైన శక్తి 60. ఈ ఒక్క వాక్యం కలిపి చెబితే లెక్కకూ కంటికీ పొంతన కుదురుతుంది.

నిజమైన కన్ను చూపించాలనుకుంటే మేక కన్ను. పిల్లలకు ఇష్టం లేకపోతే బలవంతం చేయొద్దు, శాకాహారుల ఇళ్ల పిల్లలు ముందే అడిగి తప్పుకోవచ్చు. మాంసం కొట్లో తలకాయను వెంట్రుకలు పోవడానికి మంట మీద కాలుస్తారు. కాల్చాక కన్ను ఉడికినట్టే, పనికిరాదు. కాల్చకముందే తీసివ్వమని పొద్దున్నే చెప్పుకోవాలి. మధ్యాహ్నానికల్లా కార్నియా పాలపొరలా అవుతుంది కాబట్టి ఆ పూటే చూపించాలి. ఫార్మలిన్‌లో వేసినది అస్సలు వద్దు, పారదర్శకత పోయాక ఇందులో చూపించడానికి ఏమీ మిగలదు.

కోత పెద్దవాళ్లే కోయాలి, చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు ఉండాలి. చుట్టూ ఉన్న కొవ్వు, కండ తీసేసి, కార్నియాకూ నాడికీ సరిగ్గా నడుమ తెల్లగుడ్డు మీద కొత్త బ్లేడుతో గాటు పెట్టాలి. తెల్లగుడ్డు తోలులా గట్టిగా ఉంటుంది. మొద్దు బ్లేడుతో నొక్కితే కన్ను చిట్లి ద్రవం ముఖాన చిమ్ముతుంది. గాటు పడ్డాక చిన్న కత్తెరతో చుట్టూ కోసుకుంటూ వస్తే రెండు దొప్పలవుతాయి. లేత తాటిముంజెలా జారిపడేది విట్రియస్, కటకం వెనక కనుగుడ్డును నింపే పదార్థం. ముందు దొప్పలోంచి కటకాన్ని జాగ్రత్తగా విడదీసి దినపత్రిక మీద పెడితే దాని కింది అక్షరాలు పెద్దవై కనిపిస్తాయి. తరగతి మొత్తం టేబుల్ మీదికి వంగేది అప్పుడే.

అదే కటకాన్ని కాగిన నీళ్లలో ఒక నిమిషం వేస్తే గుడ్డు తెల్లసొనలా తెల్లబడుతుంది. తలకాయ కూర తినే ఇళ్లలో ఈ తెల్లపూస అందరికీ తెలుసు. కంటి శుక్లం అంటే ఏమిటో దీని పక్కనే చెప్పాలి. అక్కడ వేడి ఉండదు, ఏళ్ల తరబడి ప్రోటీన్లు గూడుకట్టి మసకబారుతుంది, అంతే తేడా. పాఠ్యపుస్తకం కార్నియాను శుక్లపటలం అంటుంది. పిల్లలు శుక్లం అక్కడే వస్తుందనుకుంటారు. శుక్లం వచ్చేది కటకానికి, కార్నియాకు వచ్చే తెల్లమచ్చను మన పెద్దలు పువ్వు అన్నారు. నేత్రదానంలో అమర్చేది మొత్తం కనుగుడ్డును కాదు, ఈ కార్నియానే. చనిపోయిన ఆరు గంటల్లోపు తీయాలనే నియమం ఎందుకో మధ్యాహ్నానికి మసకబారిన మేక కన్ను చూసిన పిల్లలకు విడమరచి చెప్పనక్కర్లేదు.

వెనక దొప్పలో మీగడలాంటి పలచటి తెర కనిపిస్తుంది. అది రెటీనా. పట్టకారుతో లాగితే అంతా ఊడివస్తుంది, ఒక్క చోట మాత్రం అతుక్కుని ఉంటుంది. నాడిగా మారి బయటికి పోయే చోటు అది. అక్కడ వెలుతురును పట్టే కణాలు లేవు. అంధచుక్క అంటే అదే. రెటీనా వెనక నెమలిపింఛం రంగులో తళతళలాడే పొరను చూసి పిల్లలు "మనకూ ఉంటుందా?" అంటారు. ఉండదు. రాత్రి లారీ వెలుగులో పశువుల కళ్లు, కుక్కల కళ్లు మెరిసేది ఆ పొర వల్ల. ఈ మాట చెప్పకపోతే మనిషి కంటి బొమ్మలోనూ దాన్ని గీస్తారు. పని అయ్యాక బల్ల, చేతులు సబ్బుతో కడగాలి.

కోసి చూసిన అంధచుక్కను తమ కంట్లోనే పట్టుకోవడం పిల్లలకు అన్నిటికన్నా నచ్చుతుంది. తెల్లకాగితం మీద ఎడమవైపు ఒక కూడిక గుర్తు, దానికి కుడిగా 8 సెంటీమీటర్ల దూరంలో పావు అంగుళం నల్లచుక్క. ఎడమ కన్ను మూసి, కుడి కంటితో కూడిక గుర్తునే చూస్తూ కాగితాన్ని చేయి చాచినంత దూరం నుంచి మెల్లగా దగ్గరికి తేవాలి. సుమారు 30 సెంటీమీటర్ల దగ్గర చుక్క మాయమవుతుంది, ఇంకా దగ్గరికొస్తే మళ్లీ కనిపిస్తుంది. మాయం కావడం లేదంటే నూటికి తొంభై పాళ్లు చూపు చుక్క మీదికి జారింది. పక్కనున్న పిల్ల ఆ కంటినే గమనిస్తూ, కదలగానే "కదిలింది" అనాలి. కాగితం వాలినా దొరకదు. దొరికాక చుక్క గుండా ఒక అడ్డగీత గీసి మళ్లీ చూడమనాలి: చుక్క పోతుంది, గీత తెగకుండా కనిపిస్తుంది. ఖాళీని మెదడు పూడుస్తోంది.

ఇక్కడి నుంచి తలకిందుల బొమ్మకు పోవడం సులువు. రెటీనా మీద బొమ్మ తిరగబడి పడుతుందని 1604లో ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ రాశాడు. హంపి విరూపాక్షాలయంలో చిన్న రంధ్రం గుండా గోపురం నీడ గోడమీద తలకిందులుగా పడటం చూసిన పిల్లలు ఉంటే వాళ్లచేతే చెప్పించాలి. "మరి మనకు నిటారుగా ఎందుకు కనిపిస్తుంది?" అన్నదానికి "మెదడు తిప్పేస్తుంది" అని ముగించేయడం పాత అలవాటు. మెదడులో ఇంకో తెర, దాన్ని చూసే ఇంకో కన్ను ఏమీ లేవు. రెటీనా కింది భాగం నుంచి వచ్చిన కబురు పైనున్న వస్తువుదని మెదడుకు తెలుసు, అంతే. బొమ్మను తిప్పాల్సిన అవసరమే దానికి లేదు.

ఈ ఆటల్లో బయటపడేది ఇంకొకటి ఉంది. దోమల జాలీ దగ్గరా, అంధచుక్క దగ్గరా ప్రతి పిల్లా ఒక్కో కన్ను విడిగా మూసుకోవాల్సి వస్తుంది. అప్పుడు ఎవరో ఒకరు కుడి కన్ను మూయగానే చిరాకు పడతారు, చేయి తీసేస్తారు, తల పక్కకు తిప్పుతారు. అల్లరి అనుకుని కసరకూడదు. రెండో కన్ను సరిగా కనపడక, అది పుట్టుక నుంచీ అలాగే ఉండటం వల్ల ఎవరికీ తెలియకపోయి ఉండవచ్చు. మెల్లకన్ను పైకి కనపడకపోయినా బద్ధకపు కన్ను (మెదడు సరిగా వాడుకోక చూపు మందగించిన కన్ను) ఉండే వీలుంది, ఏడెనిమిదేళ్లలోపు గుర్తిస్తే మంచి కంటికి పట్టీ వేసి రెండోదాన్ని దారికి తెచ్చే అవకాశం చాలా ఎక్కువ. బోర్డు కోసం ముందు బెంచీకి జరిగేవాళ్లది వేరే సంగతి, దూరంవి మసగ్గా కనిపించే హ్రస్వదృష్టి. కనుగుడ్డు ఒక్క మిల్లీమీటరు పొడవు పెరిగితే సుమారు 2.5 డయాప్టర్ల మైనస్ వస్తుంది. రోజూ రెండు గంటలు ఆరుబయట వెలుతురులో గడిపే పిల్లల్లో సైట్ మొదలవడం తగ్గుతుందని అధ్యయనాలు చెబుతున్నాయి, పొద్దుటి స్టడీ అవర్ నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా గదుల్లోనే ఉంచే హాస్టళ్లు ఇది పట్టించుకోవాలి. ఆటలో తేడాగా కనిపించిన పిల్లల పేర్లు విడిగా రాసుకుని, తరగతిలో అందరి ముందూ అనకుండా, ఆ సాయంత్రమే అమ్మానాన్నలకు చెప్పి కంటి డాక్టరు దగ్గరికి పంపాలి. చుక్కలు వేసి కనుపాప విప్పార్చి చేసే పరీక్ష అడగమని కూడా చెప్పాలి, అది లేకుండా పిల్లలకు పవర్ సరిగ్గా తేలదు.